అడుగున సుద్దగీతలు

మా తమ్ముడు డ్వేన్ పెళ్లి చేసుకోలేదు, బండిని కట్టుకున్నాడు. అరవై ఆరు నాటి జీటీఓ కారు, నీలం రంగుది. పాంటియాక్ ఊళ్లో మా వీధివాళ్లందరికీ దాని చరిత్ర వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. కంపెనీవాళ్లు పెద్ద కారు ఇంజిను మధ్యరకం కారులో దూర్చారట, కుర్రాళ్లు వెర్రెత్తిపోయారట, తర్వాత ఇన్సూరెన్సు, పెట్రోలు భారమై అందరూ తుక్కుకు వేసేశారట. వీడు ఆ తుక్కులోంచే ఒకటి ఈడ్చుకొచ్చాడు. అప్పట్నుంచీ గ్యారేజీలో దాని కింద వెల్లకిలా పడుకునే బతికాడు.

పోనీ, బాగయ్యాక నడిపాడా? అదీ లేదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో తనిఖీ చేసేవాళ్లు కారు అడుగున సుద్దతో గీతలు గీసేవాళ్లు. పాత ఫొటోలు చూసి వీడు వాటిని మళ్లీ గీశాడు. ప్రదర్శనల్లో జడ్జీలు, కారు అచ్చం ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉందా అని నేల మీద పడుకుని మరీ వాటికి మార్కులేస్తారు. రోడ్డెక్కితే చెరిగిపోతాయని ప్రదర్శనలకు కూడా లారీ మీదే మోయించుకెళ్లాడు. ఇంత చోద్యం ఎక్కడైనా ఉందా?

ఈ వసంతంలో కంటి డాక్టరు తేల్చేశాడు. చూపు తగ్గిపోతోంది, చలికాలం నాటికి లైసెన్సు వదులుకోవాల్సిందేనన్నాడు. ఏటా ఆగస్టులో ఒకరోజు వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లు వరసగా తిరుగుతాయి. జనం మడత కుర్చీలేసుకుని పొద్దుటి నుంచే పక్కన కూర్చుంటారు. ఈ ఏడు ఆ ఉదయం నేను గ్యారేజీకి వెళ్లాను.

"ఇవాళైనా బయటికి తియ్యరా."

"మబ్బేసిందక్కా. గీతలు పోతాయి."

"నీ కళ్లు పోతున్నాయిరా సన్నాసీ! గీతలు మళ్లీ గీసుకోవచ్చు."

వాడు ముందు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎంతసేపురా ఆ తుడుపు?"

"ఈ మరక పోవట్లేదక్కా."

అద్దం మీద మరకేం లేదు. వాడికీ అర్థమైంది. గుడ్డ కింద పెట్టి, జేబులోంచి తాళాలు తీసి నాకిచ్చాడు. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు వాటిని.

"నువ్వే నడుపు. నాకు భయమేస్తోంది."

వుడ్‌వర్డ్ చేరేసరికి వాన మొదలైంది. వాడు కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"గేరు మార్చక్కా, ఇంజిను మొత్తుకుంటోంది."

"నోర్ముయ్, నాకు తెలుసు."

గొడుగుల కింద జనం చప్పట్లు కొట్టారు. నాకు రోడ్డు మసకగా కనిపించింది. వానకు కాదు.

"గీతలు పోయుంటాయా?"

"పోయుంటాయిరా."

"పోనీలే. ఇంకోసారి తిప్పక్కా."