పెదనాన్న తీగ, సూరమ్మ బొంత

శుక్రవారం. మబ్బుగా ఉంది, చినుకు లేదు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని వీధి చుట్టూ తీగ చూసొచ్చా. రెండుచోట్ల బిగించా.

మా చిన్నప్పుడు... ఈ పని మా పెదనాన్నది. నందిగామలో ఆయనకి చెప్పుల కొట్టు ఉండేది. జగ్గయ్యపేట వెళ్ళే రోడ్డు పక్కన మా పేటలో యూదుల ధర్మం పాటించేవి మా నాలుగిళ్ళే. ఆ నాలుగిళ్ళకీ పండితుడు ఆయనే.

తల్మూద్ అని... యూదుల ధర్మశాస్త్రం మీద పెద్దల వాదనలన్నీ ఉన్న గ్రంథం. దాని ఇంగ్లీషు సంపుటాలు పోస్టులో తెప్పించుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాడు. ఏదడిగినా "ఒకాయన ఔనన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు" అనేవాడు. మరి మేమేం చెయ్యాలి అంటే... "చదువుతున్నా కదరా!"

శనివారం మాకు విశ్రాంతి దినం... శుక్రవారం పొద్దు వాలగానే మొదలు, ఆపైన కలం కూడా పట్టకూడదు. ఇల్లు దాటి వీధిలోకి ఏదీ మోసుకెళ్ళకూడదు... అన్నం గిన్నె కూడా. అయితే ఇళ్ళ చుట్టూ గుంజలు పాతి, పైన తెగకుండా తీగ కడితే లోపలంతా ఒకే ఇంటి కింద లెక్క. అప్పుడు మోయొచ్చు. అది చదివిన రోజే పెదనాన్న గుంజలు పాతేశాడు.

పేటలో మిగతావాళ్ళకి మాత్రం అది దండెం. ఎదురింటి సూరమ్మ రోజూ దానిమీదే బట్టలు ఆరేసేది.

"అది దండెం కాదే సూరమ్మా, గోడ!"

"గోడైతే నా చీర ఎట్టా ఆరుతుంది అన్నా?"

ఓ శనివారం నాయనమ్మకి జ్వరం. ఆమె ఇల్లు వీధి చివర. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ముందురోజే కాచి నిప్పుల మీద ఉంచిన జావ పెదనాన్న ఇంట్లో ఉంది. నేను గిన్నె ఎత్తానో లేదో ఫట్‌మని చప్పుడు... సూరమ్మ తడి బొంత బరువుకి తీగ తెగింది.

శనివారం ముడి వెయ్యకూడదు. గిన్నె గడప దాటకూడదు.

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "సూరమ్మని ఇచ్చి రమ్మనరాదూ?"

"మనం చెయ్యకూడనిది ఇంకొకరికి చెప్పి చేయించకూడదే. వాళ్ళంతట వాళ్ళు చేస్తే..."

గడప లోపల నిలబడి మొదలెట్టాడు.

"సూరమ్మా... మా అమ్మకి జ్వరం."

"అయ్యో! బిళ్ళేశారా?"

"జావ ఇక్కడుంది..."

"మంచిది."

"అమ్మ అక్కడుంది..."

"తెలుసన్నా, ముసలామె ఎక్కడికి పోద్ది!"

"జావ చల్లారిపోతోంది..."

"మరి తీసుకుపోరాదా! తీగ తెగిందని నామీద కోపమా?"

నాకు ఏడుపొచ్చింది. చివరికి ఆమెకే ఏదో అర్థమై, "మీ శాస్త్రం తగలెయ్య!" అని గిన్నె లాక్కుని పోయింది. నాయనమ్మకి తాగించి, మూతి తుడిచి మరీ వచ్చింది.

మర్నాడు పెదనాన్న పుస్తకంలోంచి తలెత్తి మెల్లగా అన్నాడు... "జబ్బు మనిషి కోసమైతే నేరుగానే అడగొచ్చట. తర్వాతి పేజీలోనే ఉంది."

పెద్దమ్మ చేతిలో అట్లకాడ ఉంది. ఆయన అదృష్టం... విసర్లేదు.

అప్పట్నుంచీ సూరమ్మ రోజూ కేకేసేది. "అన్నా, గోడ మీద చీరెయ్యనా? మీ పుస్తకంలో ఒకాయన వెయ్యమన్నాడు!"

ఇప్పుడు పెదనాన్న లేడు, సూరమ్మా లేదు. అందరూ డాబాల మీదే ఆరేసుకుంటున్నారు. తీగ తెగట్లేదు... తిట్టడానికి మనిషే లేదు. అదే విసుగ్గా ఉంది. మీ ప్రాణం తోడిన పెద్దాయన మీ వీధిలోనూ ఉంటే రాయండి... చదువుతా.

పొద్దు వాలుతోంది. పద్దులో పాలు రాశా, తీగచుట్ట రాశా. రేపటికి జావ...