ఆగయ్య వంతు

సూరత్ లింబాయత్‌లో ఉత్త సోమలింగం అంటే ఎవరికీ తెలియదు. బ్యాండ్ సోమలింగం అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇంటిదాకా వచ్చి చూపిస్తారు. ఆ పేరు విని పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరిద్దరు బేరానికి కూడా వచ్చారు. ఆయన బాకా ఊదడు, డోలు కొట్టడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరల గుడ్డ నేస్తాడు. నలభై దాటాక, పెళ్లీడుకొచ్చిన కూతురిని ఇంట్లో పెట్టుకొని, ఒక రాక్ బ్యాండు వెంట ఊరూరా తిరిగాడు. అందుకని ఆ పేరు.

నేను ఇక్కడి తెలుగు బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాను. సోమలింగం మేడమీద, నేను కింద. ఆ బ్యాండు పాట నాకు నచ్చదని ముందే చెప్పేస్తున్నాను. నాకు అది గిన్నెలు మెట్ల మీంచి దొర్లినట్టుంటుంది. అయినా సోమలింగం గురించి రాయాలంటే ఆ పాట లేకుండా కుదరదు, ఆగయ్య లేకుండా అసలే కుదరదు.

ఇద్దరిదీ సిరిసిల్ల వైపు. ఆగయ్య రెండేళ్లు పెద్ద. ఒకే రైల్లో సూరత్ వచ్చారు, ఒకే ఖాతాలో పనికి కుదిరారు. ఖాతా అంటే సాంచాల షెడ్డు. అందులో ఒక పద్ధతి ఉంది. పక్కపక్క వరుసల్లో నేసే ఇద్దరినీ జోడీ అంటారు. ఒకడికి జ్వరమొచ్చినా, ఇంటికి చుట్టమొచ్చినా, రెండోవాడు తన సాంచాలతో పాటు వాడివీ చూసుకుంటాడు. ఇవాళ నాకు నువ్వు నిలబడితే రేపు నీకు నేను నిలబడతాను, అంతే. గుడ్డ ఆగనంత వరకు సేఠ్ కూడా పట్టించుకోడు. కాకపోతే జోడీలో ఒకరు ఉండాలి. ఇద్దరూ ఒకేసారి వెళ్లకూడదని ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఎవరూ వెళ్లరు.

ఖాతా పైన ఒక గది ఖాళీగా ఉంటే నలుగురు కుర్రాళ్లు అద్దెకు తీసుకున్నారు. అంతకుముందు వరాఛా పేటలో ఇళ్ల మధ్య గిటార్లు వాయిస్తుంటే సొసైటీవాళ్లు కొట్టడానికి వచ్చారట. ఇక్కడైతే కింద సాంచాల మోతలో పిడుగు పడ్డా వినిపించదు. ఒకడు వజ్రాల పని చేస్తాడు, మిగిలినవాళ్లు కాలేజీ పూర్తిచేసి ఏమీ చేయరు. బ్యాండు పేరు ‘తీసరీ పాలీ’. పాలీ అంటే షిఫ్టు. సాంచాలకు పగటి పాలీ, రాత్రి పాలీ రెండే ఉంటాయి, మూడోది తమదని వాళ్ల లెక్క.

సెలవు రోజున, సాంచాలు ఆగి ఉండగా, మరచిపోయిన చెప్పుల కోసం వెళ్లి ఆగయ్య ఆ పాట విన్నాడు. కాసేపు మెట్ల మీద నిలబడి, మా మేడమీదికొచ్చి, నిద్రపోతున్న సోమలింగాన్ని లేపి తీసుకుపోయాడు. ఆ రోజుతో సోమలింగం పని అయిపోయింది.

"అందులో నీకు ఏం బాగుందయ్యా?" అని అడిగాను ఒకసారి.

"మా సాంచెలు ఒక్కతీరుగ కొడ్తనే ఉంటయి సారూ, ఆగయి. గీ పోరగాండ్లు గట్టిగ కొట్టి కొట్టి నడుమ ఒక్కపారి ఆపేస్తరు. గా ఆపుడు ఉంటది సూడు, గది నాకు పానం" అన్నాడు.

ఇంత చక్కగా చెప్పినవాణ్ని ఇంకేం వెక్కిరించను?

మొదట నవసారి వెళ్లాడు, కాలేజీ వార్షికోత్సవానికి. తల నెరిసిన మనిషి కుర్రాళ్ల మధ్య నిలబడి గెంతుతుంటే స్టేజి మీద నుంచి పాటగాడు మౌలిక్ గుర్తుపట్టాడు. "మా ఖాతా చాచా వచ్చారు, చప్పట్లు" అని మైకులో చెప్పాడు. అంతమంది తిరిగి చూశారట. జీవితంలో ఎవడూ మైకులో పేరెత్తని మనిషికి అది తలకెక్కక ఏమవుతుంది? ఆ తర్వాత భరూచ్, వడోదర, ఆనంద్, భావనగర్. బ్యాండు వ్యాన్‌లో వెళ్లేది, ఈయన రొట్టెలు మూట కట్టుకొని జనరల్ బోగీలో వెళ్లేవాడు. సౌండు బాక్సుల పక్కనే నిలబడేవాడు. సాంచాల వల్ల సగం పోయిన చెవులకు అక్కడైతే గానీ పాట దక్కేది కాదు.

ఆయన అక్కడ గెంతుతున్నప్పుడల్లా ఇక్కడ రెండు వరుసల మధ్య ఆగయ్య అటూ ఇటూ పరుగెత్తేవాడు. తెగిన పోగు అతకడానికి ఈ చివర, అయిపోయిన కండె మార్చడానికి ఆ చివర. సోమలింగం తిరిగొచ్చాక ఖాతాలోనే కథంతా చెప్పేవాడు. ఆ మోతలో మాట వినిపించదు. వాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఆగయ్య చేతులతో పని చేస్తూ, కళ్లు మాత్రం జోడీ మొహం మీదే పెట్టి, ఒక్క ముక్క వదలకుండా చూసేవాడు.

ఒకనాడు మా మెట్ల మీద కూర్చుని ఆగయ్య అన్నాడు. "ఒక్కపారి ఇద్దరం పోదాం లింగం."

"ఇద్దరం పోతె సాంచెల కాడ ఎవరుంటరన్నా? వచ్చేపారి నువ్వు పో. నేను నిలబడ్త."

"సరే తియ్యి" అన్నాడు ఆగయ్య.

అలా ఆగయ్యకు ఒక వంతు పుట్టింది. పుట్టింది గానీ నడక రాలేదు. వడోదరలో కొత్త పాట పాడతారని సోమలింగమే వెళ్లాడు. భావనగర్ దూరం, నీకు నడుంనొప్పి అని సోమలింగమే వెళ్లాడు. వంతు ఆగయ్యది, ప్రయాణం సోమలింగానిది. "మొక్కు ఒకరిది, గుండు ఒకరిదిలాగుంది మీ వ్యవహారం" అని నేనంటే ఇద్దరూ నవ్వారు. ఆగయ్యే ఎక్కువ నవ్వాడు. అతని నవ్వు చూసి నాక్కూడా తప్పేమీ కనబడలేదు.

ఇంతలో కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పాండేసర మిల్లుల పనివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్డు పట్టారు. మనవాళ్లూ చాలామంది ఊళ్లకు పోయారు. వీళ్లిద్దరూ ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో సోమలింగానికి నిద్రపట్టేది కాదు. ఒక సాయంత్రం బ్యాండు కుర్రాళ్లు ఎవరింట్లో వాళ్లుండి ఫోన్‌లో పాడారు. సోమలింగం, ఆగయ్య మూతికి గుడ్డలు కట్టుకొని మా మెట్ల మీద ఎడంగా కూర్చుని, నడుమ ఫోను నిలబెట్టి చూశారు. ఆగయ్య మోకాలి మీద వేళ్లతో తాళం వేశాడు. అతన్ని అంత కులాసాగా నేనెన్నడూ చూడలేదు.

పాట అయ్యాక ఆగయ్య అన్నాడు. "అన్ని తెర్సినంక ఇద్దరం పోదాం లింగం."

"తెర్సినంక మొదటిది నీదే అన్నా. ఒట్టు. సారే సాచ్చెం" అన్నాడు సోమలింగం.

నన్ను సాక్షిని చేశాడు గనుకనే ఈ మాట ఇంత గట్టిగా రాస్తున్నాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అంతా సద్దుమణిగిందనుకున్నారు. ఆనంద్‌లో ఒక మైదానంలో, కుర్చీలు ఎడంగా వేసి, పగటిపూట కచేరీ పెట్టారు. కుర్చీలు కొద్దివే. మౌలిక్ ఫోన్ చేసి, చాచా కోసం ఒక కుర్చీ ఆపానన్నాడు. సోమలింగం ఆ ఫోను పట్టుకొని ఆగయ్య దగ్గరికి వెళ్లాడు. నోరు తెరిచేలోపే ఆగయ్య అన్నాడట. "పిల్సింది నిన్ను. నువ్వే పో. నెల దాటినంక కామ్‌రేజ్‌ల పెడ్తరంట గద, గప్పుడు సూద్దాం."

కాదనవచ్చు. ఆ కుర్చీలో మా అన్న కూర్చుంటాడని మౌలిక్‌కు చెప్పవచ్చు. ఈయన మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒట్టు ఏమైందని మొహం మీదే అడిగాను.

"కామ్‌రేజ్ ఎంతసేపు సారూ? బస్సెక్కితె దిగుడే. గది అన్నకే" అంటూ వెళ్లిపోయాడు.

కామ్‌రేజ్ కచేరీ జరగలేదు. జబ్బు మళ్లీ ముదిరి, జనం గుమిగూడేవన్నీ ఆపేశారు. ఏప్రిల్‌లో ఆగయ్యకు జ్వరం వచ్చింది, తర్వాత ఆయాసం. ఆస్పత్రిలో మంచం కోసం తిరిగి తిరిగి ఎక్కడో దొరికించుకున్నారు. ఖాతా మాత్రం ఇంకా నడుస్తోంది గనుక, జోడీ అన్నాక తప్పదని, సోమలింగం రెండు వరుసలకీ నిలబడ్డాడు. ఖాతాలో అందరికీ మాస్కులు. పెదవులు కనబడక ఎవరి మాటా ఎవరికీ తెలియడం లేదు. ఒక మధ్యాహ్నం గుమాస్తా వచ్చి ఈయన భుజం తట్టాడు. ఏదో చెప్పాడు. అర్థం కాలేదని సోమలింగం చెయ్యి ఆడించాడు. గుమాస్తా మాస్కు గడ్డం కిందికి లాగి మళ్లీ చెప్పాడు. ఆ పెదవుల మీద ఆగయ్య చావును సోమలింగం చదువుకున్నాడు.

ఆగయ్యను దగ్గరికి వెళ్లి చూడనివ్వలేదు. శ్మశానం గేటు బయట నిలబడి, బండి లోపలికి పోవడం చూసి వచ్చాడు.

ఆ తర్వాత ఏడాది సోమలింగం పాట వినలేదు. మౌలిక్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆగయ్య వరుసను సేఠ్ ఒక ఒడియా మనిషికి ఇచ్చాడు. సోమలింగం అతన్ని చూడటానికే ఇష్టపడలేదు. ఆగయ్య భార్య సారక్క ఇంటికి మాత్రం వారం వారం వెళ్లి, గ్యాస్ బండ తేవడం, కరెంటాఫీసు పని చూడటం చేసేవాడు. సాయంత్రం నా దగ్గర కూర్చుని ఒకటే మాట. "అన్న వంతు తిన్న సారూ. నా అసోంటోడు ఉండొద్దు." నేనూ కాదనేవాణ్ని కాదు. తిన్నమాట నిజమే కదా.

2022 మార్చిలో తీసరీ పాలీ మళ్లీ బయల్దేరింది. మొదటి కచేరీ కామ్‌రేజ్‌లో. ఆ సంగతి తెలిసిన రోజు సోమలింగం కిందికి దిగి, "జర సారక్క వదినె కాడికి రండ్రి సారూ, ఒక్కన్నే పోలేను" అన్నాడు. వెళ్లాం.

సారక్క గుమ్మంలో కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. మమ్మల్ని చూసి చాప వేసింది. సోమలింగం చాప మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"వదినె, కామ్‌రేజ్‌ల ఆట పెడ్తున్నరు. ఇది అన్న వంతు. అన్నకు బదులు నువ్వు పో. సారు తోలుకపోతరు. నేను పోను, పాలీ జేస్త."

ఆమె చేతిలోని చీరను పక్కకు పెట్టింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోపం లేదు, నిదానంగా అంది.

"వంతేంది తమ్మీ? ఆయన వంతు ఎప్పుడడిగిండు?"

సోమలింగం అప్పుడు చాప మీద కూర్చున్నాడు.

"పాటలంటవా, ఫోన్ల వింటనే ఉండె. పాట కోసమైతె నువ్వు రమ్మనకున్నా ఎన్నడో పోతుండె. నీ తోటి రైలెక్కాల్నని ఉండె ఆయనకు. నువ్వు వచ్చి చెప్తుంటివట గద, బోగీల గిట్ల కూసున్న, ఆనంద్ టేషన్ల చాయ్ తాగిన అని. గదంత మల్ల ఇంటికొచ్చి నాకు చెప్తుండె, తానే పోయొచ్చినట్టు. ఒక్కన్ని పోయి ఏంజేస్త, లింగం ఉంటెనే గద అంటుండె. ఇద్దరం పోదాం అన్నప్పుడల్ల నువ్వు సాంచెల ముచ్చట దీస్తివి. ఆనంద్‌కు నిన్ను పొమ్మన్నది గూడ గందుకే. నువ్వు లేని ఆట ఆయనకెందుకు?"

సోమలింగం లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వెనకే నేనూ ఇల్లు చేరాను. నాక్కూడా సిగ్గుగా ఉంది. వంతు వంతు అని నేనూ అదే లెక్క మీద ఆయన్ని తిడుతూ వచ్చాను. మెట్ల మీద ఆగయ్య అన్న రెండుసార్లూ నేను అక్కడే ఉన్నాను. ‘ఇద్దరం’ అని విన్నాను కూడా.

కచేరీ రోజు సాయంత్రం సోమలింగం పాలీ మధ్యలోనే వచ్చేశాడు. బట్టలకు పీచు అలాగే ఉంది. కామ్‌రేజ్ వెళ్తున్నావా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, మెట్టు మీద కూర్చున్నాడు.

"మరి సాంచాల దగ్గర ఎవరున్నారు?"

"గదే చెప్తున్న సారూ" అన్నాడు. "పొద్దున మా ఎనుక వరుసల జోడీని అడిగిన. మా వరుసలు రెండు ఒక్క పూట సూస్తరా, ఇద్దరం బయటికి పోయేదున్నది అని. గట్లనే అడిగిన, ఇద్దరం అని. ‘జావ్’ అన్నరు. కండె మారుస్తున్న చెయ్యి గూడ ఆపలే. రెండో మనిషి ఎవరని గూడ అడగలే."

చొక్కా మీది పీచు దులుపుకున్నాడు.

"గింతే సారూ. అడిగితె అయిపోయే పని. గా ఒక్క మాట ఎవల్నీ అడగక, అన్నను అన్నేండ్లు ఆడనే నిలబెట్టిన."