వెనక గదిలో ఎవరూ లేరు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఆ కథలు చెప్పేవాళ్లంటే మాత్రం చిరాకు ఉండేది. ఎవరైనా "మా మేనమామకు నిజంగా జరిగింది" అని మొదలుపెడితే, అప్పుడు టైమెంత, కరెంటు ఉందా, ఇంకెవరైనా చూశారా అని అడ్డు ప్రశ్నలు వేసి కథ చెడగొట్టేవాణ్ని. నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకుని ఇది రాస్తున్నాను.

ఇళ్లలో పెట్టుకునే వైఫై రౌటర్లు అమ్మకానికి రాకముందే వాడి చూసి, తప్పులు పట్టి కంపెనీకి రాయడం నా పని. ఈసారి వచ్చిన రౌటర్ ఒకటి కాదు, మూడు డబ్బాలు. గదికొకటి పెడితే మూడూ కలిసి ఇల్లంతా సిగ్నల్ ఇస్తాయి. లోపలి సాఫ్ట్‌వేర్ ఇంకా బీటా, అంటే ప్రయోగదశలోనే ఉంది. దానికి కొత్త విద్య ఒకటి నేర్పారు. గదిలో మనిషి కదిలితే సిగ్నల్ చెదురుతుంది కదా, దాన్నిబట్టి కదలికను కనిపెట్టి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది.

"వెనుక గది నందు చలనము గుర్తించబడినది. ఎవరైనా ఉన్నారా?"

కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి 'ఉన్నారు', రెండోది 'ఎవరూ లేరు'. 'నందు' ఏమిటి, 'బడినది' ఏమిటి, ఏ ఇంట్లో ఇలా మాట్లాడతారని మొదటిరోజే రాశాను. వాళ్లు మార్చలేదు.

తార్నాకలో మెట్రో స్టేషన్‌కు కాస్త వెనకగా, మూడో అంతస్తు ఫ్లాట్‌లో నేనూ మా సుజాతక్కా ఉంటాం. అక్క కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. క్లాసులు మధ్యాహ్నం మొదలవుతాయి. నాన్న పోయాక నన్ను చదివించింది తనే. చిన్న వయసులోనే షుగర్ వచ్చింది, రోజూ ఇన్సులిన్ వేసుకుంటుంది. ఇంజెక్షన్ చేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది. ముందు చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహ ఉండదు. ఈ సంగతి నాకు కొత్త కాదు. ఇంట్లో ప్రతి గదిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంటుంది.

మూడో డబ్బాను అక్క ఉండే వెనక గదిలో పెట్టాను. వారం రోజులు ఓర్చుకుంది. ఆ రోజు పొద్దున ప్లగ్ పీకి డబ్బా నా చేతిలో పెట్టింది.

"నేను కూసున్నా లేసినా నీ ఫోన్ల గంట కొడతది. గిదేం లొల్లిరా? నీ దగ్గర్నే పెట్టుకో."

"టెస్టింగ్ అక్కా."

"నాకెందుకురా టెస్టు? టెస్టులు పెట్టేదాన్ని నేను."

నవ్వుకుంటూ బ్యాగులో వేసుకున్నాను. యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధన చేసే జాన్సన్ నా స్నేహితుడు. తెనాలి వాడు. ఆ డబ్బా లోపల యాంటెన్నాలు ఎలా పెట్టారో చూడాలని నెలరోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. డబ్బా విప్పనని కంపెనీకి సంతకం పెట్టి ఇచ్చినవాణ్ని నేను. అయినా తీసుకెళ్లాను. బుద్ధి గడ్డి తింది.

పదకొండు గంటలకు ల్యాబ్‌లో దాన్ని విప్పాం. బల్ల మీద ఒక పక్క మూత, ఒక పక్క బోర్డు, స్క్రూలు ఒక చిన్న గిన్నెలో. అడాప్టర్ నా బ్యాగులోనే ఉంది. దానికి కరెంటు లేదు, బ్యాటరీ అసలే ఉండదు. ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, పదకొండున్నర దాటాక నా ఫోన్ మోగింది.

"వెనుక గది నందు చలనము గుర్తించబడినది. ఎవరైనా ఉన్నారా?"

జాన్సన్ ఫోన్‌లోకి తొంగిచూసి నవ్వాడు. "ఏంటి గురూ, పోస్టుమార్టం చేస్తుంటే శవం మాట్లాడుతోంది?"

పాత మెసేజ్ ఎక్కడో ఇరుక్కుని ఇప్పుడొచ్చిందన్నాను. 'ఎవరూ లేరు' నొక్కాను. అక్క ఇంట్లోనే ఉందని నాకు తెలుసు. కానీ మా టెస్టర్ల భాషలో ఆ బటన్‌కు 'ఈ అలారం తప్పు' అని అర్థం. అందరం అలాగే నొక్కుతాం.

ఐదు నిమిషాలకు మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాను. మూడోసారికి ఒళ్లు మండింది. ఫోన్‌లోని రౌటర్ యాప్‌లో చూస్తే ఆ డబ్బా కనెక్షన్ లేదనే చూపిస్తోంది. అయినా నాలుగోసారి వచ్చింది. పూర్తిగా చదవకుండానే నొక్కేశాను. అక్కకు ఒక్క ఫోన్ చేద్దామని తట్టలేదు. నా కళ్లకు అదొక బగ్, సాఫ్ట్‌వేర్‌లో తప్పు, అంతే. మంచి బగ్ దొరికిందని లోపల సంతోషం కూడా.

జాన్సన్ టీ తేవడానికి కిందికి వెళ్లాడు. అప్పుడు ఐదోది వచ్చింది.

"ఉన్న. గీడ్నే ఉన్న."

కింద బటన్లు లేవు. ఇంకే మాటా లేదు.

నేను రోజూ తలుపు తీస్తూ "అక్కా, ఉన్నవా?" అంటాను. ఇక్కడే ఉన్నానంటూ వెనక గదిలోంచి అక్క ఇచ్చే జవాబు అక్షరం పొల్లుపోకుండా అదే.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. రెండుసార్లు పూర్తిగా మోగి ఆగిపోయింది. బోర్డు, స్క్రూలు, బ్యాగు అన్నీ అక్కడే వదిలేసి బండి తీశాను. క్యాంపస్ గేటు దాటి తార్నాక చౌరస్తాకు వచ్చేసరికి సిగ్నల్ పడింది. అక్కడ ఆగిన ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

తాళం తీసి "అక్కా, ఉన్నవా?" అని అరిచాను. లోపలికి పరిగెత్తాను. డైనింగ్ టేబుల్ మీద ఉప్మా ప్లేటు పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. పక్కన వాడిన ఇంజెక్షన్.

వెనక గదిలో మంచానికీ బీరువాకూ మధ్య అక్క పక్కకు ఒరిగి పడి ఉంది. నైటీ చెమటతో తడిసిపోయింది. దవడలు బిగుసుకున్నాయి. నా కేకలకు ఎదురింటి బాలమణి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. నేను గ్లూకోజ్ నీళ్లు పట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నోట్ల పొయ్యకు బిడ్డా, ఊపిరికి అడ్డం పడతయ్. లేపు, ఆటోల ఏస్కపోదాం."

ఆస్పత్రిలో నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏం చెప్పలేకపోయేవాణ్నని డాక్టరు అన్నాడు. నేను కారిడార్‌లోకి వెళ్లి గోడకు ముఖం పెట్టి ఏడ్చాను.

ఇంజెక్షన్ చేసుకున్నాక ఎవరో స్టూడెంట్ ఫోన్ చేస్తే లెక్క చెబుతూ తినడం మరిచిపోయిందట. పడ్డాక తలుపు దాకా పాకాలని చూసిందట. "పిలుద్దామంటే నోరు రాలేదురా," అంది. తన ఫోన్‌లో ఆ స్టూడెంట్ కాల్ తర్వాత ఉన్నవి నా రెండు కాల్స్ మాత్రమే, నాకు పంపిన మెసేజ్ ఏదీ లేదు.

నా ఫోన్‌లో నాలుగు మెసేజ్‌లు ఉన్నాయి. ఐదోది లేదు. చీమ కదిలినా స్క్రీన్‌షాట్ తీసేవాణ్ని, దాన్ని తీయలేదు. మొదటి నాలుగూ ఇంట్లో ఉన్న మిగతా రెండు డబ్బాలు కదలికను పసిగట్టి, గది పేరు తప్పుగా వేసి పంపి ఉంటాయని కంపెనీ వాళ్లు రాశారు. సరే, కావచ్చు. ఐదో వాక్యం వాళ్ల యాప్‌లో ఎక్కడా లేదు. యాప్‌లోని తెలుగు ప్రతి ముక్కా నేను చదివిందే. కంగారులో ఊహించుకున్నావేమో అన్నాడు జాన్సన్. కానీ నాకు కంగారు పుట్టింది దాన్ని చదివాకే. ఇంతకుమించి నా దగ్గర సమాధానం లేదు, ఎంత వెతికినా దొరకలేదు.

ఆస్పత్రి మంచం మీద అక్క అడిగింది, "గింత జల్ది ఎట్లొచ్చినవ్‌రా?"

"ఛార్జర్ మర్చిపోయిన," అన్నాను.

తమ్ముడి మతిమరుపే తనను బతికించిందని అప్పటినుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతోంది. బాలమణి ఆంటీకి చెప్పింది, కోచింగ్ సెంటర్‌లో చెప్పింది, ఊర్లో పెళ్లికి పోయి అక్కడా చెప్పింది. అలా చెప్పి నా తల నిమిరినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. మెసేజ్ సంగతి చెబితే నమ్మదని దాచలేదు. దానికి ముందు నేను నొక్కినవి చెప్పాల్సి వస్తుందని దాచాను.

నేను రాసేవన్నీ అక్క చదువుతుంది. ఇదీ చదువుతుంది.

ఛార్జర్ కోసం రాలేదక్కా. నాలుగుసార్లు నువ్వు లేవని చెప్పినంక వచ్చిన.