ఒక్క పేరు చెప్పమనే మనిషి

మా బైబులమ్మ పోయారు. ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని అచ్చు వేయించారు. అది మన వాడుక, కాదనను. కానీ ఆమెను ఎరిగినవాళ్లెవరైనా నిద్ర అనే మాటను ఆమె పేరు పక్కన పెట్టగలరా? పగటిపూట ఆమె మంచం వాల్చగా చూసినవాళ్లు మా పాలెంలో లేరు.

కబురు అందేసరికి నేను వినుకొండ బస్టాండులో ఉన్నాను. ఆ పక్క పల్లెలో ప్రార్థన కూటం ఉంది. భయపడవద్దనే అంశం మీద మాట్లాడాలని దారిపొడుగునా గొణుక్కుంటూ వెళ్లాను. ఫోన్లో ఆమె కూతురు, “మామయ్యా, అమ్మ లేవట్లేదు” అంది. ఎక్కవలసిన బస్సు వదిలి ఎదురు బస్సు ఎక్కాను. సీటు దొరికింది, కూర్చోలేకపోయాను. ఇప్పుడు ఇది రాస్తూ కూడా నాలుగు వాక్యాలకోసారి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను. అతుకుల్లా కనబడితే మన్నించండి.

తెలియనివారికి చెబుతున్నాను. బైబులమ్మ అంటే సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి, చదువురాని ఆడవాళ్లకు వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే మనిషి. నాకు వరసకు అక్క. నేను కూడా వాక్యం చెప్పేవాడినే, కానీ బడి మెట్లు సరిగ్గా ఎక్కనివాడిని. కూలి చేసుకుంటూ అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక్క పుస్తకమే చదివాను, ఆ పుస్తకంతోనే మాట్లాడతాను. గట్టిగా మాట్లాడతాను. నేను మైకు పట్టుకుంటే మూడు వీధులు వినాలి. ఆమె మాత్రం, “ఒరేయ్ ప్రసంగీ, దయ్యమేమన్నా చెవిటిదంట్రా? కొంచెం తగ్గించు” అనేది.

ఆమె ఏ ఇంటికి వెళ్లినా కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. ఆ ఇంటి ఆడమనిషి ఏ పని చేస్తుంటే ఆ పని దగ్గర చతికిలబడేది. మిరపకాయలు ఏరుతుంటే రంగు పోయిన తాలుకాయలు పక్కకు తీసేది. పత్తి వలుస్తుంటే కాయ చేతిలోకి తీసుకునేది. బైబులు సంచిలోనే ఉండేది. “చేతిలో పని లేనప్పుడు మనిషి గొప్పలు చెబుద్దిరా. పనిలో ఉంటే నిజం చెబుద్ది” అనేది.

ఆ నిజం చాలా ఇళ్లలో ఒకటే. నా రాత ఇంతే. మా వంశానికి చదువు రాదు. నా నోటి మాట మంచిది కాదు. ఇలాంటి మాటలు వింటే నా రక్తం మరుగుతుంది, లేచి గద్దిస్తాను. ఆమె గద్దించేది కాదు. కాయ ఏరడం ఆపకుండా, “ఎవరన్నారమ్మా?” అని అడిగేది. “అందరూ అంటన్నారండీ” అంటే ఒప్పుకునేది కాదు. “అందరికీ ఒక నోరుండదు గదా. ఒక్క పేరు చెప్పు” అనేది.

చెట్ల చాటున నక్కిన మొదటి మనిషిని దేవుడు ఏమడిగాడు? శిక్ష సంగతి తర్వాత. నువ్వు బట్టలు లేనివాడివని నీకు చెప్పింది ఎవరని అడిగాడు. ఆ అధ్యాయం మీద నేనెన్నో ప్రసంగాలు చేశాను. పాము మీద అరిచాను, పండు మీద అరిచాను. ఆ ప్రశ్న మీదుగా దూకి వెళ్లిపోయాను. ఆమె బతుకంతా ఆ ప్రశ్న దగ్గరే కూర్చుంది.

మా చెల్లెలి సంగతి చెప్పాలి.

మా వైపు మిరపనారు నాటే రోజున మొదటి మొక్క ‘మంచి చెయ్యి’ అని పేరున్న ఆడమనిషితో పెట్టిస్తారు. మేం క్రైస్తవులం, మాకు అలాంటివి లేవంటాం. ఆదివారం అంటాం. సోమవారం చేను గట్టు మీద మేమూ ఆ మనిషి కోసమే చూస్తాం. చాలా ఏళ్లు ఆ మనిషి మా చెల్లెలే. రైతులు పోటీపడి పిలిచేవాళ్లు. అయితే ఒక ఏడు తను కౌలుకు చేసిన చేలోనే పూత మీదికి నల్లతామర పురుగు పడింది. చేను చేనంతా ముడుచుకుపోయింది. అదే ఏడు తన భర్త, మా బావ, జబ్బుచేసి పోయాడు. ఇక మంచి చెయ్యి కాస్తా చెడ్డ చెయ్యి అయింది. నారు ముట్టదు. పెళ్లిలో అక్షింతలు పట్టదు. చివరికి కూతురు పురిటికి వస్తే మనవరాలిని ఎత్తుకోదు. ఎవరైనా బిడ్డను అందిస్తే చేతులు కొంగులో దాచుకునేది. బాలింత గోడవైపు తిరిగి ఏడ్చేది, “మా అమ్మకు నా బిడ్డ పనికిరాలేదు” అని.

నేను వెళ్లి ప్రార్థన చేశాను. శాపాన్ని గద్దించాను. చెమటలు పట్టేదాకా గద్దించాను. మా చెల్లెలు ఆమేన్ అంది, చేతులు మాత్రం బయటికి తీయలేదు.

బైబులమ్మ వచ్చి, గుమ్మంలో కూర్చుని, చింతపండు గింజ తీస్తూ అడిగింది.

“ఎవరన్నారే నీ చెయ్యి మంచిది కాదని?”

“ఊరంతా అంటన్నారక్కా.”

“ఒక్క పేరు చెప్పు.”

ఎదురింటామె పేరు చెప్పింది. “అయితే లే, కనుక్కుందాం పద” అని మా చెల్లెలి రెక్క పట్టుకుని రోడ్డు దాటించింది. వెనక నేను, చంకలో గ్రంథంతో. ఎదురింటామె కయ్యిమంది. “నేననలా! నాకేం పని? మా తోడికోడలు అంటే విన్నా.” తోడికోడలు పెరట్లో గిన్నెలు తోముతోంది. “నా మీదేస్తందా? ఆ మాటన్నది ముఠా మేస్త్రి. ఆటోలో అందరం విన్నాం” అంది. ముఠా మేస్త్రి అంటే కూలీలను పోగుచేసి చేలకు తీసుకుపోయేవాడు. ఆటో టైరుకు గాలి చూసుకుంటూ దొరికాడు. మా అందరినీ చూసి బిత్తరపోయాడు.

“ఏందమ్మగారూ, దండెత్తొచ్చారు?”

“ఈమె చెయ్యి మంచిది కాదని నువ్వన్నావంట గదా?”

“అన్నా. నేను పుట్టిచ్చానా? నాట్లకు రమ్మని పిలిస్తే ఈమే అంది. ‘నా చెయ్యి మంచిది కాదు, నాతో నారు పెట్టించబాక’ అని. ఈమె మాటే నలుగురికీ చెప్పా. తప్పా?”

మా చెల్లెలు ఆటో మెట్టు మీద కూలబడింది. నాకు వెంటనే అక్కడే ఒక ప్రసంగం తన్నుకొచ్చింది. నోరు తెరిచాను. అక్క నావైపు చూసింది, మూసుకున్నాను.

“మాట నీ ఇంట్లో పుట్టి ఊరంతా తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి ఊరి మాట అనుకున్నావు” అంది మా చెల్లెలితో, నెమ్మదిగా. తర్వాత మేస్త్రితో, “రేపు నాట్లెక్కడ? ఈమె వత్తది” అంది.

మరునాడు అక్క గొడుగేసుకుని తనూ గట్టు మీదికి వచ్చింది. మొదటి మొక్క పెట్టే ముందు నేను, “ఈ రోజు నుంచి మళ్లీ నీది మంచి చెయ్యేనమ్మా!” అని కేక పెట్టాను. అక్కకు కోపం వచ్చింది. ఆమె కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

“నోర్ముయ్‌రా. ఆ మాటే దీన్ని ఇంతదాకా తెచ్చింది. పండితే చేతికి కిరీటం పెడతారు, ఎండితే ఆ కిరీటాన్నే బేడీలు చేస్తారు. ఇది చెయ్యి. మొక్క పెడుద్ది, అంతే. నీళ్లూ వానా పురుగూ దీని చేతిలో ఉన్నయ్యా?”

మా చెల్లెలు మొక్క పెట్టింది. నేను అద్భుతం కోసం చూశాను, దాచుకోను. చేను విరగపండితే సాక్ష్యం చెప్పుకుందామనుకున్నాను. విరగపండలేదు. పక్క చేలు ఎట్లా పండాయో అదీ అట్లాగే పండింది. కానీ ఆ సాయంత్రమే, పొలం నుంచి రాగానే, పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే మా చెల్లెలు ఆలోచించకుండా ఎత్తేసుకుంది. లోపలి నుంచి కూతురు, “ముందు ఆ బురద చేతులు కడుక్కోవే అమ్మా!” అని అరిచింది. అంతకాలం ఏడ్చిన పిల్లే.

అయితే నమ్మకమనేది ఒక్కరోజులో పోయేది కాదు. అప్పుడప్పుడూ మా చెల్లెలు మళ్లీ ముడుచుకునేది. నేను విసుక్కుంటే అక్క నవ్వేది. “ఒక కోతలో తాలు ఏరేస్తే వచ్చే కోతలో ఉండవంట్రా? మళ్లీ ఏరుకోవటమే.”

ఇప్పుడు ఎవరు ఏరతారు? ఆ భయంతోనే నేను బస్సు దిగాను. ఆ భయమే ఎదురొచ్చింది. జనమంతా అక్క ఇంటి దగ్గరుంటే, మా చెల్లెలు తన ఇంట్లో తలుపు చాటున, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది.

“నిన్న సాయంత్రం అక్క నా చేతి మజ్జిగ తాగింది అన్నయ్యా. తెల్లారేసరికి పోయింది.”

అక్కకు గుండెజబ్బు ఎన్నాళ్లుగానో ఉంది, మందులు వాడుతోంది, ఇదంతా చెప్పాను. వినలేదు. వాక్యం ఎత్తాను. చెవులు మూసుకుంది. చివరికి అక్కలాగా, “ఎవరన్నారమ్మా?” అని అడిగాను.

“నేనే అంటన్నా. పేరు గూడా చెప్పా. ఇప్పుడేం జేత్తావు?”

ఇంత వాక్యం నోటికి వచ్చినవాడిని, ఆ గుమ్మంలో అటూ ఇటూ తిరిగాను.

అప్పుడు అక్క కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“పిన్నీ, నువ్వింకా ఇక్కడే ఉన్నావా? అమ్మకు నీళ్లు పోశాం. తల చిక్కు రావట్లేదు, నాకు చేతులాడట్లేదు. నువ్వు రా.”

“నేను ముట్టుకోకూడదే. నిన్న నా మజ్జిగ...”

“ఆ, అమ్మ చెప్పింది. రెండు గ్లాసులు తాగా, కమ్మగా ఉందే, నీకెందుకు రాదే అట్టా చెయ్యటం అని నన్ను తిట్టింది. ఆఖరున నాతో మాట్లాడింది అదే పిన్నీ. రా, ఎండెక్కుతంది.”

మా చెల్లెలు ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. నింద కోసం వెతికిందో ఏమో, అక్కడ అది కనబడలేదనుకుంటాను. లేచింది.

అక్క తల ఒళ్లోకి తీసుకుంది. కొబ్బరినూనె రాసి, చివర్ల నుంచి పైకి చిక్కు విప్పుకుంటూ వచ్చింది. “దువ్వుకోమంటే వినవు గదా, ఎప్పుడు జూసినా తిరుగుడే” అని అక్కను కసిరింది. సంఘపెద్ద నా దగ్గరకు వచ్చి, “ఆలస్యమవుతోంది బ్రదర్, పాట ఎత్తండి” అన్నారు. “సగం జడే అయిందండీ, ఆగండి” అన్నాను. అంతమందీ ఎండలో ఆగారు.

జడ కొసకు వచ్చాక మా చెల్లెలు కట్టడానికి ఏమన్నా ఉందా అని చుట్టూ చూసింది. ఎవరికీ తోచలేదు. తన జడకున్న రబ్బరుబ్యాండు లాగి అక్క జడకు బిగించింది. తన జుట్టు వీపంతా విడిపోతే పట్టించుకోలేదు. ఆ నెరిసిన జడను భుజం మీదుగా ముందుకు తెచ్చి, తెల్లచీర మీద తిన్నగా పెట్టి, నూనె చేత్తో ఒకసారి సాపు చేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచింది.