ఐదో భాగం ఆఖరి ఫైటింగ్

దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, ఒక మాట చెబుతాను. నేను తాండూరుకు కొత్త కోడలిగా వచ్చిన రోజులవి. భాగాలు భాగాలుగా వచ్చే ఒక ఫైటింగ్ సినిమా అంటే నాకు ప్రాణం. నాలుగో భాగం ఆఖరి ఫైటింగ్ వేళకు మా అత్త ఊరికే సినిమా హాలుకు మనిషిని పంపి నన్ను ఆట మధ్యలో లేపించింది. అందుకే ఐదో భాగం మ్యాట్నీలో గేట్‌మన్ ఆడవాళ్ల బెంచీల వైపు వచ్చి, "నర్సమ్మా, నీ కోసం మనిషొచ్చిండు, జల్ది రా!" అని అరిస్తే, మళ్లీ అత్త పనే అనుకుని, కొంగు ముసుగేసుకుని కదలకుండా కూర్చున్నాను.

ఆట వదిలాక చూస్తే గేటు దగ్గర వికారాబాద్ నుంచి వచ్చిన మా తమ్ముడు.

"అమ్మకు పాణం బాగలేదక్కా, నిన్నే కలవరిస్తున్నది. ఎంత పిలిపించినా రాకపోతివి. రైలు పాయె."

తర్వాతి రైలుకు వెళ్లేసరికి అమ్మ లేదు. ఆరో భాగంలోనూ హీరో బతికే ఉన్నాడట. నేను చూడలేదు. మీ ఇంట్లో పిలిచిన గొంతుకు పలికే మనిషి ఎప్పుడూ ఉండాలి. చల్లగా ఉండండి.