ఉప్పు తక్కువైన మంచు

ఆ రోజుల్లో చలి అంటే నాకు తెలిసిందల్లా తెల్లవారుజామున దుప్పటి కోసం మా చెల్లెలితో చేసే పోట్లాట. మా రాయచోటి వైపు ఆకాశంకేసి చూసేవాళ్ళు వాన కోసం చూస్తారు, అది రాకపోతే తిట్టుకుంటారు, అంతటితో సరి. చలి కావాలని, ఇంకా కావాలని, అది ముదిరి మంచై రాలాలని ఫోను చేత్తో పట్టుకుని కూర్చునే మనుషులు లోకంలో ఉంటారని ఒమాన్ వెళ్ళేదాకా నాకు తెలియదు. అదీ ఏడాదిలో ముప్పాతిక భాగం కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చే దేశంలో. అప్పటికి నాకు వయసు తక్కువ, కోపం ఎక్కువ. ఆ వ్యవహారమంతా చూస్తే ఒళ్ళు మండిపోయేది.

నేను పనిచేసే ఇల్లు విమానాశ్రయానికి దగ్గరలో, అల్ మవాలే అనే పేటలో. ఇంటి యజమానిని అందరిలాగే నేనూ బాబా అనేదాన్ని. మంచి మనిషి, తిండి దగ్గర గానీ మాట దగ్గర గానీ వంక పెట్టడానికి లేదు. కానీ చలికాలం వచ్చిందంటే ఆయన మన లోకంలో ఉండేవాడు కాదు. తనలాంటి వాళ్ళందరితో వాట్సాప్‌లో ఒక గ్రూపు. మబ్బు ఎక్కడుంది, గాలి ఎటు తిరిగింది, కొండ మీద ఎంత చల్లబడింది, అన్నీ అందులోనే. చలిగాలి బయలుదేరిందని ఎవరో ఒకరు రంగురంగుల పటం పెడతారు. అందులో నీలం రంగు ఒమాన్ వైపు పాకితే చాలు, "థల్జ్, థల్జ్" అంటూ ఇల్లంతా తిరిగేవాడు. థల్జ్ అంటే మంచు. జెబెల్ షమ్స్ అనే కొండ మీద ఎప్పుడో కొన్నేళ్ళకోసారి కాస్త రాలుతుందట. (ఆ పేరుకు సూర్యుడి కొండ అని అర్థం. మంచు కోసం ఈయన ఎక్కే కొండ అది.) ఈ పిచ్చి అంటించింది వాళ్ళమ్మ, నేను పెద్ద మామా అని పిలిచే ముసలావిడ (అక్కడ మామా అంటే అమ్మ). ఆవిడ పుట్టిల్లు ఆ కొండ మీదే. చిన్నప్పుడు ఒకరోజు నిద్ర లేచి చూస్తే మేకల వీపులన్నీ తెల్లగా ఉన్నాయని ఆవిడ చెప్పిన కథ విని విని, కొడుకు తల నెరిసినా ఆ మేకల్నే వెతుక్కుంటున్నాడు.

పటంలో నీలం కనిపిస్తే గురువారం మధ్యాహ్నానికల్లా బండి సిద్ధం. దుప్పట్లు, బొగ్గులు, ఖర్జూరం డబ్బా, టీ ఫ్లాస్కులు, పెద్ద మామా, ఆ పైన నేను. ఇంటావిడకు మాత్రం చలి అనగానే పిల్లల పరీక్షలు గుర్తొచ్చేవి, ఆవిడ ఏనాడూ మాతో రాలేదు. (తెలివంటే అదీ.) కొండ మీద రాళ్ళతో కట్టిన ఆ పాత ఇంట్లో నేను వణుకుతూ వంట చేయాలి, ఆయన మేడమీద కిటికీ దగ్గర దుప్పట్లో కూర్చుని మంచు కోసం చూడాలి. ఎందుకంటే మంచు కోసం అంత ఆరాటపడే మనిషికి చలి ఒక్క రవ్వ పడదు. సూర్యుడు బాగా పైకి వచ్చేదాకా గడప దాటడు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఆరుబయట పెట్టడం, పొద్దున్నే అది గడ్డకట్టిందో లేదో చూసి రావడం నా డ్యూటీ. నేను వేలు ముంచి చూసి "మాఫీ బాబా", అంటే లేదు బాబా, అనేదాన్ని. నేనే కావాలని గడ్డకట్టనివ్వలేదన్నట్టు చూసేవాడు. ఆ చలికాలం మొదలైనప్పటి నుంచి నా శుక్రవారం సెలవులన్నీ ఆ కొండే మింగింది.

అవన్నీ పోతే పోయాయి. ఒక్క శుక్రవారం మాత్రం నాకు కావాలి. నన్ను ఒమాన్ రప్పించింది మా చిన్నమ్మ. ఆమె ఆ కొండకు అవతల ఇబ్రీ అనే ఊళ్ళో ఒక ఇంట్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఒకే దేశంలో ఉన్నాం గానీ నేను వచ్చాక ఒక్కసారీ ఆమె ముఖం చూడలేదు, ఆమె సెలవు నాకు కుదరదు, నా సెలవు ఆమెకు కుదరదు. కొత్తలో నేను వెళ్ళిపోతానని ఏడిస్తే ఫోనులోనే ఊరుకోబెట్టింది. అరబ్బీలో ఉప్పును ఏమంటారో, పిల్లాడు అన్నం తిననని మారాం చేస్తే ఏం చేయాలో, అంతా ఫోనులోనే నేర్పింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఆమె ఊరికి శాశ్వతంగా వెళ్ళిపోతోంది. శుక్రవారం రాత్రి విమానం. ఆమెను దింపడానికి వస్తూ ఆ మధ్యాహ్నం వాళ్ళ యజమాని కుటుంబం మవాలేలోనే చుట్టాల ఇంట్లో భోజనానికి ఆగుతుంది. నేను నడిచి వెళ్ళేంత దూరం. ఆ కాసేపు తప్పితే మళ్ళీ ఎప్పుడో, అసలు ఉందో లేదో.

ఆమె కోసం సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. రాయచోటికి పోయే మనిషికి వడియాలు ఎందుకని నవ్వకండి. ఇబ్రీ ఇంట్లో పక్షులు చేరతాయని మిద్దె మీద ఏదీ ఎండబెట్టనిచ్చేవారు కాదు. అన్నేళ్ళూ ఆమెకు వడియం మీద మనసు పోతూనే ఉంది. ఇన్నేళ్ళకు ఇల్లు తెరిచిన రోజు పప్పులోకి ఆమె ముందు పళ్ళెంలో నా చేతి వడియాలు ఉండాలని నా కోరిక. పరచడానికి పాత పంచె ఎక్కడ దొరుకుతుంది? పెద్ద మామా తను పైన తొడుక్కునే పాత నల్ల అబాయా ఒకటి ఇచ్చింది, మన బురఖా లాంటిది. దాన్ని కుట్లు విప్పి, మిద్దె మీద పరిచి, అంచులకు రాళ్ళు పెట్టి, గరిటెతో వరుసగా పెట్టుకుంటూ వచ్చాను. ఒక ఎండ తగిలింది, ఇంకొకటి తగిలితే చాలు. గురువారం పొద్దున పటంలో నీలం వచ్చింది.

ఈసారి ఖాయమన్నాడు బాబా. గ్రూపులో పెద్దవాళ్ళంతా అన్నారట. నాకు వచ్చిన అరబ్బీ, రాని అరబ్బీ అంతా కలిపి బతిమాలాను, మా అమ్మ చెల్లెలు, రేపు పోతుంది, మళ్ళీ రాదు అని. ఆయన తలూపి, ఎంతో దయగా, శుక్రవారం సాయంత్రానికి వచ్చేస్తాంలే అన్నాడు. సాయంత్రానికి ఆమె విమానాశ్రయంలో ఉంటుందని నేను అంటుండగానే ఫోను మోగింది, పటం ఇంకా నీలంగా మారిందట. చిన్నమ్మకు ఫోను చేసి చెప్పాను. "పోనీలే పాపా, వాళ్ళ ఇంట్లో ఉండాం, వాళ్ళు చెప్పినట్ల పోవాల గదా. ఏడ్చాకు" అని పెట్టేసింది. నేను ఏడవలేదు. పచ్చి వడియాలు వదిలేస్తే బూజు పడతాయని అబాయాను రెండు పెద్ద అట్టముక్కల మీదికి ఎక్కించి, బండి వెనక దుప్పట్ల మీద పెట్టి, దారంతా ఆ చలిగాలిని, ఆ పటాన్ని, దాన్ని కనిపెట్టినవాణ్ణి తెలుగులో తిడుతూ కూర్చున్నాను. పెద్ద మామా నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని మధ్యమధ్యలో ఆమీన్ అంది.

మర్నాడు తెల్లవారగానే కింద బండరాళ్ళ మీద అబాయా పరిచాను. చిన్నమ్మకు అందకపోయినా వడియాలు ఏం పాపం చేశాయి? పళ్ళెంలో నీళ్ళు మామూలుగా నీళ్ళలాగే ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి టీ పెడుతుంటే మేడమీద నుంచి బాబా కేక. దేవుణ్ణి పొగుడుతున్నాడు. ఏమైందోనని టీతో సహా పరుగెత్తాను. దుప్పటి కప్పుకుని, కళ్ళజోడు లేకుండా, ఆవిరి పట్టిన కిటికీ అద్దాన్ని ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో ఫోను చూపించాడు. ఫోటో తీశాడు, గ్రూపులో పెట్టేశాడు, ఇల్లు ఎక్కడో కూడా పెట్టేశాడు. ఫోటోలో నల్లటి బండ మీద తెల్లటి ముద్దలు.

ఆ ముద్దల్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఫోటోను పెద్దది చేసి చూస్తే జీలకర్ర కూడా కనబడుతోంది. (మంచులో ఆ నల్లటి నలుసులేమిటని గ్రూపులో ఒకాయన అడిగాడట. అది ఎడారి దుమ్ము, గాలితో పాటు పైకి లేచి మంచులో చిక్కుకుంటుందని ఇంకొకాయన వివరంగా రాశాడు. ఆ జవాబుకు అందరూ బొటనవేళ్ళు ఎత్తారు.)

"బాబా, హాదా మాల్ అనా" అన్నాను, ఇది నాది అని. ఆయనకు అర్థం కాలేదు. మంచు నీదేమిటన్నట్టు చూశాడు. వంటవాళ్ళ భాషలో చెప్పాను, సగ్గుబియ్యం, నీళ్ళు, ఉప్పు, ఎండ. కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి చాలాసేపు చూశాడు. తర్వాత ఫోటో తీసేయబోయాడు గానీ అప్పటికే అది ఆ గ్రూపు దాటి, ఇంకో గ్రూపు దాటి, ఎక్కడెక్కడికో పోయింది. బండ్లు కొండ ఎక్కుతున్నాయని కబురు కూడా వచ్చేసింది. ఆయన గొంతు తగ్గించి, అవి మూటకట్టి లోపల పెట్టెయ్, మంచు కరిగిపోయిందని చెబుదాం అన్నాడు. ఆ ఇంట్లో పనికి చేరాక నేను కాదన్నది అదే మొదటిసారి. "ఇప్పుడు మడిస్తే ముద్దయిపోతాయి బాబా. నా శుక్రవారం పోయింది, మా చిన్నమ్మ పోయింది, ఇవైనా ఉండనీ" అని గట్టిగా అనేశాను, సగం తెలుగులో. ఆయన ఏమనుకున్నాడో, దుప్పట్లో కూర్చుండిపోయాడు.

ఎండ ఎక్కేసరికి ఇంటి ముందు సంత. ఫోర్ వీల్ బండ్లు, కెమెరాలు, చేతికి తొడుగులు వేసుకున్న పిల్లలు, జారడానికి ప్లాస్టిక్ బేసిన్లు తెచ్చిన యువకులు. వాళ్ళ మధ్యలో పెద్ద మామా అబాయా పక్కన చాప వేసుకుని కూర్చుని, సగం ఎండిన వడియం ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని నములుతోంది. మంచు ఏదమ్మా అని అడిగిన ప్రతివాళ్ళకూ ఇదే నాయనా అని చూపించి, "ఈసారి ఉప్పు తక్కువైంది" అంటోంది. కొందరు నవ్వారు, కొందరు మొహం మాడ్చుకున్నారు. గ్రూపులో పెద్దాయన ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎడారి దుమ్మును కాసేపు పరిశీలించాడు. నాకు ఎవరి మీదా జాలి కలగలేదు. ఇంతమందికి టీ ఎవరు పెట్టాలి?

వంటింట్లో పెద్ద గిన్నె వెతుకుతుండగా బయట ఒక గొంతు. "విమానం ఎక్కించండయ్యా అంటే కొండెక్కించినారు. ఎవుడో పనిలేనోడు మంచు పడిందని ఫోటో పెట్నాడంట, వీళ్ళ పిల్లోళ్ళు చూడాలంట, దావలోనే గదా అని తిప్పినారు. సలికి సచ్చిపోతాండా." చేతిలో గిన్నె పడేసి బయటికి వచ్చాను. నెత్తి మీద పెట్టెలు కట్టిన బండి పక్కన, ఎవరిదో మగవాళ్ళ కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, మా చిన్నమ్మ. తిడుతోంది, వణుకుతోంది, తన తెలుగు అర్థమయ్యే మనిషి అక్కడ ఎవరూ లేరని తెలిసీ అందరికీ చెబుతోంది.

నన్ను చూసి ఆగిపోయింది. నా వైపు రెండడుగులు వేసి, నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు ఏడ్చాను, అంతకుముందు దాచుకున్నదంతా. ఇబ్రీ పిల్లలు మంచు చూడలేదన్న బాధ మరిచిపోయి మమ్మల్నే చూస్తున్నారు. చిన్నమ్మ కోటు కొసతో నా ముక్కు తుడిచి, నా భుజం మీదుగా బండల వైపు చూసి, ఒక్క చూపులో తేల్చేసింది. "సగ్గుబియ్యం వడియాలు గదా ఇవి. గంజి సరిగ్గా కాగలా పాపా, తొందరపడినావు."

ఆ తర్వాత వంటిల్లు ఆమెది. నన్ను పక్కకు తోసి, పీట వేసుకుని కూర్చుని, నూనె పెట్టింది. ఎండినవి ఏరి వేయించింది, సరిగ్గా ఎండనివి నూనె తాగాయని నన్నే తిట్టింది. బయట జనం టీ తాగుతూ ఒమాన్‌లో పడిన మంచును కరకరలాడించారు. బాబా చివరికి కిందికి దిగి వచ్చాడు. చిన్నమ్మను చూసి, నన్ను చూసి, సిగ్గుపడుతూ తనే పళ్ళెం పట్టుకుని అందరికీ అందించాడు. (గ్రూపులో ఆ రోజు నుంచి ఆయనకు ఏదో పేరు పెట్టారట. అర్థం ఏమిటని అడిగితే నాకు చెప్పలేదు.) నూనె మరుగుతున్నంతసేపు నేనూ చిన్నమ్మా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామంటే పెద్ద విషయాలేమీ లేవు, వాళ్ళ యజమాని కూతురి కాన్పు, మా ఇంటావిడ కోపం, మోకాళ్ళ నూనె. మిగిలిన వడియాలు పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాను. బండి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి ఆ పొట్లమే ఊపింది.

ఇప్పటికీ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇప్పటికీ పటంలో నీలం వస్తే గురువారం బండెక్కుతాం, ఇప్పటికీ నేను దారంతా విసుక్కుంటాను. ఒక్క మార్పు, ఇప్పుడు బాబా ఏ ఫోటో అయినా పెట్టే ముందు నన్ను కిందికి పంపిస్తాడు, నోట్లో వేసుకుని చూసి రమ్మని. ఆ మధ్య ఒక చలికాలం పొద్దున బండల మీద తెల్లగా కనిపిస్తే ఎప్పటిలాగే తిట్టుకుంటూ వెళ్ళి ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు, కారం లేదు, పళ్ళు జివ్వుమన్నాయి. థల్జే బాబా అని కేక వేశాను. ఆయన చెప్పులు కూడా లేకుండా గడప దాటి పరుగెత్తుకొచ్చి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా మంచును ఎత్తుకున్నాడు. అన్నేళ్ళు ఆయన ఎదురుచూసింది నా కళ్ళముందే ఉంది. నేను మాత్రం దాన్ని వదిలేసి కొండ కింది రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను, నెత్తి మీద పెట్టెలు కట్టిన బండి ఏదైనా వస్తోందేమోనని. ఇంత వయసొచ్చీ ఇదేం చూపు అని నాకే నవ్వొచ్చింది.

ఫోటో తీసి రాయచోటికి పంపాను. కాసేపటికి చిన్నమ్మ గొంతు వచ్చింది, వెనకాల కోళ్ళ అరుపులతో సహా. "ఇంకా పచ్చిగా ఉండాయి పాపా. అప్పుడే తియ్యాకు, ఇంకో ఎండ తగలనీ." అట్లే చిన్నమ్మా, తియ్యనులే అని చెప్పాను. అప్పటికే ఎండ బండల మీదికి వచ్చేసింది, నా కాళ్ళ ముందు అదంతా నీళ్ళవుతోంది.