జేబున్న ఈత సూటు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. పదహారేళ్లుగా అదే పని. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా వెళ్లి, మూసుకున్న తలుపుకి చెవి ఆనించి, ఎప్పుడూ ఒకే వరసలో మూడు మాటలు అంటాడు. ముందు, "లోపల ఎంతమంది ఉన్నారు?" తర్వాత, "గాలికి ఢోకా లేదు." ఆ తర్వాత, "తలుపు తొయ్యకండి, నేనిక్కడే ఉన్నాను." ఈ మూడూ చెప్పందే సంచిలోంచి పానా కూడా తియ్యడు.

ఊరందరి తలుపులూ అంత శ్రద్ధగా తెరిచే మనిషి ఇంట్లో మొదలుపెట్టిన పని ఏదీ పూర్తి చెయ్యడు. హాలు గోడకి నిచ్చెన అందినంత ఎత్తు వరకే రంగుంటుంది. నేర్చుకుంటానని కొన్న వేణువు, మొదటి పాఠం అయ్యాక కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డుగా పనికొచ్చింది. అలమరకి నాలుగు పలకలు కోయించి మూడు బిగించాడు. నాలుగోది తలుపు వెనక నిలబడి ఉంది, దానికోసం కొట్టిన మేకు మాత్రం గోడకుంది. మా అక్క కొత్తవాళ్లకి ఆయన్ని చూపించి, "మా ఆయన, ముప్పావు" అని పరిచయం చేస్తుంది. డిగ్రీ మధ్యలో వదిలేసి వాళ్ల పక్కగదిలో పడి ఉంటున్నవాణ్ణి కాబట్టి ఆ కొలత మీద నాకేమీ గౌరవం లేదు. లోకంలో పూర్తయిన పనుల్లో సగం అసలు మొదలుపెట్టకుండా ఉండాల్సినవే.

అలాంటి మనిషి పేరు ట్రయథ్లాన్‌లోకి ఎక్కింది. ఎక్కించింది ఆయన స్నేహితుడు, కారు నడపడం నేర్పే గురువు. గోడమీద ప్రకటన చూసి తన పేరూ, బావ పేరూ, సందు చివరి దర్జీ పేరూ కలిపి రాయించి వచ్చాడు. చెరువులో ఏడువందల యాభై మీటర్ల ఈత, గట్టెక్కాక ఇరవై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఐదు కిలోమీటర్ల పరుగు. సంగతి విన్న అక్క చేతిలో గరిటె దించకుండానే చెప్పింది.

"ఇదొక్కటి చివరిదాకా చెయ్యండి, జన్మలో ముప్పావు అనను. మధ్యలో వదిలేశారో, ఆ మాట బోర్డు రాయించి గేటుకి తగిలిస్తాను."

బావ నవ్వాడు గానీ, మర్నాడే నీటి కళ్లద్దాలు కొన్నాడు.

ఈత ఆయనకి వచ్చు. స్కూలు కొలనులో, ఛాతీ లోతు నీళ్లలో, ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్తే ఒక అంతస్తు అని లెక్క. ముప్పై అంతస్తులు ఎక్కితే ఏడువందల యాభై మీటర్లు. భయమల్లా మొదలు గురించే. సైరన్ కూత వినగానే రెండువందల మంది ఒక్కసారిగా నీళ్లలో పడతారట. చీకటి లిఫ్టు గుంతలో ఒంటరిగా తాడు పట్టుకుని వేలాడే మా బావకి జనమంటే గుండె దడ. తాను బాగుచేసిన లిఫ్టులోనే నలుగురుంటే మెట్లెక్కి పోయే రకం.

ఇది తెలిశాక మిగతా ఇద్దరికీ పండగే. ఆదివారం మధ్యాహ్నాలు దర్జీ షాపులో చేరి చెరువు కబుర్లే. నీళ్లలో హారను ఉండదు, అద్దం ఉండదు, వెనకవాడు ఎక్కేస్తే ఇన్సూరెన్సు కూడా రాదని గురువు బెదిరించేవాడు. మొదటి మలుపులో తన్ను తినని వాడికి పతకం ఇవ్వరని దర్జీ వంతపాడేవాడు. ఒకనాడు అభ్యాసం పేరుతో బావని బట్టలు కత్తిరించే బల్లమీద బోర్లా పడుకోబెట్టారు. ఆయన చేతులు ఆడిస్తుంటే గురువు కాలు పట్టి లాగుతున్నాడు, దర్జీ చుట్టిన లైనింగు గుడ్డతో వీపు మీద బాదుతున్నాడు. అప్పుడే ప్యాంటు కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలో కాసేపు నిలబడి, తన ప్యాంటుకి అంత తొందరేమీ లేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఈత సూటు కుట్టింది కూడా దర్జీయే. ఆయనకి జేబు లేకుండా బట్ట కుట్టడం చేతకాదు. దిండు గలీబులకి కూడా జేబులుంటాయి. సూటుకి నడుం వెనక అరచెయ్యి పట్టేంత జేబు చూసి బావ బిత్తరపోయాడు.

"ఇందులో ఏం పెట్టుకోను మాస్టారూ?"

"జేబన్నాక ఏదో ఒకటి పెట్టుకుంటారు తమ్ముడూ. ముందు ఉండనీ."

పోటీనాడు కూత కూసింది. రెండువందల రంగు టోపీలూ ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి. బావ కావాలనే ఆఖరి వరసలో దిగాడు. అయినా నాలుగో అంతస్తు దాటకముందే ఆ జేబు నీళ్లతో ఉబ్బి వెనకనుంచి లాగడం మొదలుపెట్టింది. ఐదో అంతస్తులో మరీ గట్టిగా లాగింది. తిరిగి చూస్తే జేబులో ఒక చెయ్యి ఉంది. చెయ్యి వెనక ఒక భారీ మనిషి కళ్లు తేలేసి, ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. తర్వాత మాకు ఈ సంగతంతా వివరంగా చెప్పింది ఆ భారీ మనిషే.

ఆ క్షణంలో బావ ఒడ్డువైపు చూశాడట. ఒడ్డు దగ్గరే ఉంది. తిరిగి వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టరు, పైగా ఒక మనిషిని కాపాడినట్టు కూడా ఉంటుంది. మధ్యలో వదిలెయ్యడానికి ఇంత మంచి సాకు ఆయనకి జీవితంలో దొరకలేదు. కానీ ఊపిరాడని మనిషి ఎదురైతే ఆయన నోటికి వచ్చేది ఒకటే.

"లోపల ఎంతమంది ఉన్నారు?"

భారీ మనిషి తెల్లబోయి అటూ ఇటూ చూశాడు. "ఒక్కణ్ణే అండీ."

"గాలికి ఢోకా లేదు. తలుపు తొయ్యకండి, నేనిక్కడే ఉన్నాను."

చెరువు మధ్యలో తలుపెక్కడుందో అర్థం కాకపోయినా, దాన్ని తొయ్యకూడదని ఆ మనిషి కాళ్లు కొట్టుకోవడం మానేశాడు. మానెయ్యగానే తేలాడు. గుండె దడ సంగతి బావకి అప్పుడు గుర్తొచ్చిందట, చూసుకుంటే అది లేదు. కాపలా పడవవాడు దగ్గరికొచ్చి ఎక్కమంటే ఇద్దరూ వద్దన్నారు. అక్కణ్ణుంచి బావ ఒక్కో అంతస్తూ పైకి చెబుతూ, ఆయన జేబు పట్టుకుని భారీ మనిషి నెమ్మదిగా కాళ్లాడిస్తూ, ముప్పైకి గట్టెక్కారు. అందరికన్నా ఆఖరు.

సైకిలు మీదా ఆఖరే, పరుగులోనూ ఆఖరే. పదకొండింటికి ముగింపు గేటు విప్పేస్తారని ముందే చెప్పారు. గురువూ దర్జీ ఎప్పుడో వచ్చేసి, అరటిపళ్లు తిని, కునుకు కూడా తీశారు. పదకొండు దాటి పావుగంటయినా గేటు నిలబడే ఉంది. ఎందుకంటే దాని ఒక స్తంభానికి ఆనించి కుర్చీ వేసుకుని మా అక్క కూర్చుంది. విప్పడానికి వచ్చిన పనివాళ్లు ఇద్దరు ఆమెకి నచ్చజెబుతూ నిలబడ్డారు.

"మా ఆయన ఇంకా లోపల ఉన్నారు. వచ్చాక విప్పుకోండి" అంటోంది అక్క.

బావ మలుపు తిరిగి కనిపించాడు. పరిగెడుతున్నాడని చెప్పలేను. చెమటకి తడిసిన ఆ సూటు వెనక జేబు ఊగుతోంది, అందులో భారీ మనిషి కృతజ్ఞతగా పెట్టిన బిస్కెట్ల పొట్లం ఉంది. అక్క కుర్చీలోంచి లేవలేదు, బావ గేటు దాటాకే లేచింది.

పతకాన్ని అక్క ఆ సాయంత్రమే అలమర దగ్గర, నాలుగో పలక కోసం కొట్టిన మేకుకి తగిలించింది. పలక ఎప్పుడు బిగిస్తారని నిన్న మళ్లీ అడిగింది. బిగిస్తే పతకం తీసెయ్యాల్సి వస్తుంది కదా అన్నాడు బావ. అక్క పలకని తలుపు వెనక ఇంకాస్త లోపలికి నెట్టింది. ముప్పావు అని మాత్రం అనలేకపోయింది.